'కాపీ' అనే ముందు ఒక్క నిమిషం: ఏలియన్లే మనల్ని పుట్టించారనే సినిమాల సంగతి

పోయిన నెల రివ్యూకి వచ్చిన ఫోన్‌లోకి నా పాత ఫోన్ డేటా మొత్తం మార్చాను. ఖాళీ ఫోన్‌లో బ్యాటరీ టెస్ట్ చేస్తే ఏ ఫోన్ అయినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రోజూ వాడే యాప్‌లు, ఫొటోలు, ఏళ్ల తరబడి పోగేసిన చెత్త అంతా ఎక్కించాకే దాని అసలు రంగు బయటపడుతుంది. గంటన్నర పట్టింది. అన్నీ వచ్చాయో లేదో చూద్దామని ఫోల్డర్లు తిరగేస్తుంటే ఒక ఆడియో ఫైల్ కనిపించింది. 2019 నాటిది. 11 నిమిషాలు.

ప్లే చేశాను. హాస్టల్ ఫ్యాన్ చప్పుడు, దాని మధ్యలోంచి మా రూమ్మేట్ గొంతు. అప్పుడు మేం బీటెక్ మూడో ఏడు. కాలేజీ ఫెస్ట్‌లో షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టారు. దానికోసం వాడు నాకు కథ చెబుతున్నాడు.

వాడిది కనిగిరి వైపు ఊరు. కథ కూడా అక్కడిదే. ఒక రైతు ఉంటాడు. అప్పటికే రెండు బోర్లు వేయించాడు, రెండూ పోయాయి. మళ్లీ అప్పు చేసి మూడో బోరు వేయిస్తుంటాడు. ఏడొందల అడుగుల దగ్గర బోరు బండి మొరాయిస్తుంది. కింద తగిలింది రాయి కాదు. ఊరి వాళ్లు, అధికారులు, టీవీ వాళ్లు, ఆఖరికి సైంటిస్టులు దిగుతారు. లక్షల ఏళ్ల కిందట అక్కడ ఒక నౌక దిగిందని, మనిషి అనేవాడు దాంట్లోంచే మొదలయ్యాడని తేలుతుంది. ప్రపంచం మొత్తం నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆ రైతు మాత్రం బోరు బండి డ్రైవర్‌ని పక్కకి పిలిచి అడుగుతాడు: "ఇంతకీ నీళ్లు పడ్డట్టా, పడనట్టా?"

అక్కడ ఒక రెండు సెకన్లు ఫ్యాన్ చప్పుడే. తర్వాత ఇంకో గొంతు వినిపిస్తుంది. అది నాది. "బాగుంది రా. కానీ ఇది ప్రొమీథియస్ కదా? జనం కాపీ అంటారు."

ఫైల్ అక్కడితో అయిపోయింది. వాడు ఆ ఫిల్మ్ తీయలేదు. ఆ తర్వాత ఇంకో కథ చెప్పిన గుర్తు కూడా నాకు లేదు.

నేను ఆ రోజు అన్న మాట తప్పని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు, ఇదే ఐడియాతో వచ్చిన అరడజను సినిమాలు, సీరియళ్లు పట్టాయి. ఈ ఆర్టికల్ దాని గురించే. ముందే చెబుతున్నా, కింద స్పాయిలర్లు బోలెడు ఉన్నాయి. అయితే ఈ సినిమాల్లో సస్పెన్స్ తెలిసిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

అసలు ఈ ఐడియా ఎవరిది?

ప్రొమీథియస్ 2012లో వచ్చింది. రిడ్లీ స్కాట్ సినిమా. భూమ్మీద మనుషుల్ని 'ఇంజినీర్లు' అనే వేరే జాతి పుట్టించిందని, వాళ్లని వెతుక్కుంటూ మనవాళ్లు నౌకలో వెళ్లడం కథ. ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆ పేరు విని మేం తెగ నవ్వుకున్నాం. ఇంత కొత్త ఐడియా ఎక్కడిదిరా అనుకున్నాను.

కొత్తేమీ కాదు. కాస్త వెనక్కి వెళ్దాం.

2000లో బ్రయన్ డి పాల్మా తీసిన 'మిషన్ టు మార్స్'లో భూమ్మీద జీవానికి విత్తనం వేసింది అంగారకుడి మీద ఉన్నవాళ్లే. 1993లో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' సీరియల్‌లో 'ది చేజ్' అనే ఎపిసోడ్‌లో ఒక ప్రాచీన జాతి చాలా గ్రహాల మీద తన డీఎన్ఏ చల్లి వెళ్తుంది. 1979లో 'డాక్టర్ హూ' సీరియల్‌లో 'సిటీ ఆఫ్ డెత్' కథ వచ్చింది. అందులో ఒక ఏలియన్ నౌక పేలిపోవడం వల్లే భూమ్మీద జీవం మొదలవుతుంది. 1968లో కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఎవరో పాతిపెట్టిన నల్లరాయి కోతుల్ని మనిషి దారి పట్టిస్తుంది. అంతకంటే పదేళ్ల ముందే, 1958 చివర్లో, బీబీసీలో 'క్వాటర్‌మాస్ అండ్ ది పిట్' అనే ఆరు భాగాల సీరియల్ మొదలైంది. అందులో అంగారకుడి వాళ్లు మన పూర్వీకులైన వానరాల్ని మార్చేసి వదులుతారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1936లో అచ్చయిన లవ్‌క్రాఫ్ట్ నవల 'ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'లో అంటార్కిటికాలో దొరికిన ఒక ప్రాచీన జాతి భూమ్మీది జీవాన్ని పుట్టించిందన్న సూచన ఉంది. అది కూడా సరదాకో పొరపాటునో చేసిందట!

కథకులే కాదు, సైంటిస్టులు కూడా ఈ దారిలో ఆలోచించారు. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ ఆర్గెల్‌తో కలిసి 1973లో ఒక పేపర్ రాశారు. ఎక్కడో ఉన్న నాగరికత కావాలనే సూక్ష్మజీవుల్ని నౌకలో పంపి ఉండొచ్చేమో అన్నది దాని సారాంశం. రుజువు ఉందని వాళ్లు అనలేదు, ఆలోచించదగ్గ విషయం అన్నారంతే. ఇక ఈమధ్యే నాసా ఓసైరిస్ రెక్స్ మిషన్ బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023లో మట్టి పట్టుకొచ్చింది. మన శరీరంలోని ప్రొటీన్లకు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో దొరికాయని 2025 జనవరిలో ప్రకటించారు. అంటే జీవానికి కావాల్సిన ముడిసరుకు అంతరిక్షంలో ఉంది. సరుకు ఉన్నంత మాత్రాన వంట చేసినవాడు ఉన్నాడని కాదు. కానీ ఐడియా మాత్రం ఇప్పటికీ పొయ్యి మీదే ఉంది.

అంటే నేను 'ప్రొమీథియస్ కాపీ' అన్న రోజున, ప్రొమీథియస్‌ని కూడా అదే మాట అనేయొచ్చు. 1936 తర్వాత వచ్చిన ప్రతి కథనీ అనొచ్చు. అందరినీ అనగలిగే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

స్పెక్ షీట్ ఒకటే, ఫోన్లు వేరు

ఈ సైట్ రెగ్యులర్‌గా చదివేవాళ్లకి ఈ పోలిక కొత్త కాదు. ఒకే ప్రాసెసర్, ఒకే కెమెరా సెన్సర్, ఒకే సైజు బ్యాటరీ. రెండు కంపెనీలు. ఒక ఫోన్ మూడేళ్లు చక్కగా నడుస్తుంది, ఇంకోటి ఆరు నెలలకే పెనం అవుతుంది. స్పెక్ షీట్ చూసి ఎవరూ చెప్పలేరు, వాడాలి.

'మొదట ఎవరు చేశారు' అన్నదీ అంతే. వేలితో తాకితే పనిచేసే కెపాసిటివ్ టచ్ స్క్రీన్‌తో ఎల్‌జీ ప్రాడా ఫోన్‌ని 2006 డిసెంబర్‌లో ప్రకటించారు. ఐఫోన్ ప్రకటన 2007 జనవరిలో. ఈ రెండింట్లో మీ ఇంట్లో వాళ్లకి ఏ పేరు తెలుసో నేను అడగక్కర్లేదు.

సినిమాల్లో 'మనల్ని ఏలియన్లు పుట్టించారు' అన్నది స్పెక్ షీట్‌లో ఒక లైన్. దాంతో ఎవరు ఏం చేశారో చూద్దాం.

ముందు మిషన్ టు మార్స్. చాలామంది తీసిపారేసే సినిమా ఇది. నేను అంత దూరం వెళ్లను. నౌకలో జీరో గ్రావిటీలో ఒకతను చాక్లెట్ బిళ్లలతో గాల్లో డీఎన్ఏ మెలిక కడతాడు, చూడ్డానికి భలే ఉంటుంది. అంతరిక్షంలో దూరమైపోతున్న భర్త, తనని కాపాడబోయి భార్య కూడా చచ్చిపోతుందని తెలిసి హెల్మెట్ తీసేస్తాడు. అది చూసి గొంతు పట్టేయకపోతే మీది రాతి గుండె. ఎన్నియో మోరికోనె సంగీతం సరేసరి.

కానీ సినిమా దేనికోసం నడిచిందో అక్కడికొచ్చేసరికి చతికిలపడింది. అంగారకుడి మీద మొహం ఆకారంలో ఉన్న కొండలోకి వెళ్తారు. అక్కడ ఒక ఏలియన్ వచ్చి త్రీడీలో ఒక షో వేస్తుంది. మా గ్రహాన్ని గ్రహశకలం గుద్దింది, మేం వెళ్లిపోయాం, ఒక నౌక మీ భూమికి విత్తనం పంపింది, ఇదీ చరిత్ర. అచ్చం ఆఫీసులో కొత్తగా చేరిన రోజు చూపించే పవర్ పాయింట్ లాగే ఉంటుంది. ఆఖర్లో ఆ ఏలియన్ కన్నీటి చుక్క కూడా రాలుస్తుంది. మన హీరోలు 'వాళ్లే మనం, మనమే వాళ్లు' అని పొంగిపోతారు. అయిపోయింది. ఆ సంగతి తెలిశాక ఎవరి జీవితంలో ఏం మారింది? ఏమీ మారలేదు. జవాబు దొరికింది, దాంతో ఏం చేయాలో సినిమాకి తెలియలేదు.

ప్రొమీథియస్: కెమెరా సూపర్, సాఫ్ట్‌వేర్ గోవిందా

ఇప్పుడు అసలు పెద్ద ఫోన్‌కి వద్దాం. ప్రొమీథియస్ చూడ్డానికి అద్భుతం. ఐస్‌లాండ్‌లోని డెట్టిఫాస్ జలపాతం దగ్గర తీసిన మొదటి సీన్‌లో తెల్లని శరీరంతో ఉన్న ఇంజినీర్ ఒకడు ఏదో తాగి, ముక్కలైపోయి నీళ్లలో కలిసిపోతాడు. మాట ఒక్కటి ఉండదు. జీవం అలా మొదలైందని మనకే అర్థమవుతుంది. ప్రపంచవ్యాప్తంగా 40 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిందంటే ఊరికే కాదు.

కానీ లోపల నడిచే లాజిక్ చూడండి. గుహల మ్యాప్ తీసే డ్రోన్లు ఎవరి చేతిలో ఉన్నాయో వాడే దారి తప్పుతాడు. జీవశాస్త్రవేత్త అనేవాడు, ముందు ఏలియన్ శవాన్ని చూసి పారిపోయి, తర్వాత పడగెత్తిన పాము లాంటి జంతువుని 'రా కన్నా' అన్నట్టు ముద్దు చేయబోతాడు. చక్రంలా దొర్లుతున్న నౌక కింద పడకుండా ఉండాలంటే పక్కకి నాలుగడుగులు వేస్తే చాలు, ఇద్దరూ ముందుకే పరుగెడతారు. మా టీమ్‌లో అయితే ఈ సీన్లన్నీ బగ్ రిపోర్ట్‌లో పడేవి.

అయినా నేను ఈ సినిమాని వదల్లేను. కారణం ఒక చిన్న సీన్. హాలోవే అనే సైంటిస్టు తన సృష్టికర్తలు చచ్చిపోయి ఉన్నారని తెలిసి, నిరాశగా తాగుతూ బిలియర్డ్స్ టేబుల్ దగ్గర ఉంటాడు. డేవిడ్ అనే రోబో వస్తుంది. నన్ను మీరెందుకు తయారు చేశారు అని అడుగుతుంది. చేయగలిగాం కాబట్టి చేశాం అంటాడు హాలోవే, పెద్దగా ఆలోచించకుండా. మీ సృష్టికర్త కూడా మీకు ఇదే జవాబు చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి అంటుంది డేవిడ్.

రెండు నిమిషాల సీన్. గ్రాఫిక్స్ లేవు. ఒక గది, ఇద్దరు మనుషులు, కాదు, ఒక మనిషి, ఒక రోబో. సినిమా మొత్తంలో కొత్తదనం ఎక్కడుందంటే అక్కడ ఉంది. 'మనల్ని ఎవరు చేశారు' అన్న పాత ప్రశ్నని 'మనం చేసినవాళ్లకి మనం ఏం జవాబు చెబుతాం' అని తిప్పింది. రోజూ ఏఐ మోడళ్లతో పని చేస్తున్న నాలాంటివాడికి ఇప్పుడు ఆ సీన్ చూస్తే 2012 కంటే గట్టిగా తగులుతుంది.

ఇంకో చిన్న విషయం. ఇంజినీర్లు మనల్ని చేశారు సరే, మరి వాళ్లని ఎవరు చేశారు అని షా అనే హీరోయిన్ అడుగుతుంది. ప్రోగ్రామర్లకి ఇది బాగా తెలిసిన రోగం, బేస్ కేస్ లేని రికర్షన్. ఎంత లోపలికి వెళ్లినా జవాబు రాదు, ఎక్కడో ఒకచోట స్టాక్ నిండిపోతుంది. ఈ సినిమాలన్నిటికీ ఉన్న పుట్టు లోపం ఇదే. 'ఎవరు పుట్టించారు' అన్న ప్రశ్నకి ఏలియన్ అనేది జవాబు కాదు, ప్రశ్నని ఇంకో గ్రహానికి బదిలీ చేయడం. అందుకే జవాబు మీద ఆధారపడిన సినిమా తేలిపోతుంది.

బొమ్మ పురుగులతో భయపెట్టిన సినిమా

ఇక నేను ఈమధ్యే చూసిన క్వాటర్‌మాస్ అండ్ ది పిట్. బీబీసీ సీరియల్ రాసిన నైజెల్ నీల్ కథతోనే హ్యామర్ సంస్థ 1967లో సినిమా తీసింది. దర్శకుడు రాయ్ వార్డ్ బేకర్. ముందే చెబుతున్నా, గ్రాఫిక్స్ పరంగా ఇప్పటి యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్‌లే నయం. అంగారకుడి జీవులు మిడతల్లా ఉంటాయి, బొమ్మలని తెలిసిపోతుంది. వాటి గతాన్ని చూపించే సీన్ అయితే నవ్వొస్తుంది.

కథ ఇదీ. లండన్‌లో భూగర్భ రైలు స్టేషన్ కోసం తవ్వుతుంటే 50 లక్షల ఏళ్ల నాటి వానర మనుషుల పుర్రెలు బయటపడతాయి. ఇంకా తవ్వితే ఒక నౌక. మిలిటరీ అధికారి అది రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఆయుధం అని మొండిపట్టు పడతాడు. ఎన్ని రుజువులు చూపించినా వినడు. ఇలాంటివాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు, పేర్లు వద్దు.

తవ్వకం, కింద నౌక, మనిషి మూలం. చదువుతుంటే మీకు ఏం గుర్తొచ్చిందో నాకూ అదే గుర్తొచ్చింది. మా వాడి బోరు బండి. మేం ఇద్దరం ఆ రోజుకి ఈ సినిమా పేరు కూడా వినలేదు. విని ఉంటే నేను ఇంకా గట్టిగా 'కాపీ' అనేవాణ్ణి.

అయితే నైజెల్ నీల్ ఆ ఐడియాని ఎక్కడికి తీసుకెళ్లాడో చూడండి. అంగారకుడి జీవులు తమ గుంపులో తేడాగా ఉన్నవాళ్లని ఏరి చంపేసేవి. వానరాల్ని మార్చినప్పుడు ఆ గుణం కూడా వాటితో పాటే మనలోకి వచ్చింది. తవ్వకంలో ఆ నౌక మేలుకోగానే లండన్ జనంలో ఆ నిద్రపోయిన గుణం లేస్తుంది. తమలా లేనివాళ్లని వేటాడి చంపడం మొదలుపెడతారు. హీరో క్వాటర్‌మాస్ కూడా ఆ మత్తులో పడతాడు, స్నేహితుడు రోనీ లాగితే బయటపడతాడు. ఆ ప్రభావం తనమీద పనిచేయని రోనీయే ప్రాణం ఇచ్చి ఊరిని కాపాడతాడు. సినిమా చివర ఎవరూ గెలిచామని చేతులెత్తరు. శిథిలాల మధ్య ఇద్దరు మనుషులు అలసిపోయి ఉంటారు, పేర్లు పడిపోతాయి.

బీబీసీ సీరియల్ 1958 డిసెంబర్‌లో మొదలైంది. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి వాళ్ల మీద తెల్ల కుర్రాళ్ల గుంపులు దాడులు చేశాయి. అప్పటి ప్రేక్షకుడికి టీవీలో చూస్తున్న గుంపు ఎవరో వేరే చెప్పాల్సిన పని లేదు. 'మనం ఎక్కడి నుంచి వచ్చాం' అన్న ప్రశ్న ఇక్కడ 'పక్కింటివాడిని చూస్తే నాకెందుకు ఒళ్లు మండుతుంది' అన్న ప్రశ్నగా మారింది. బొమ్మ పురుగులు చూసి నవ్విన నేను ఆ చివరి అరగంట కదల్లేదు.

రెండో ప్రశ్న

ఇవన్నీ వరుసగా చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. 'ఎగ్జిక్యూషన్' అంటే మనం సాధారణంగా గ్రాఫిక్స్, కెమెరా, బడ్జెట్ అనుకుంటాం. అవే అయితే ప్రొమీథియస్ ముందు క్వాటర్‌మాస్ నిలబడకూడదు. ఎగ్జిక్యూషన్ అంటే మొదటి ప్రశ్న అయిపోయాక రెండో ప్రశ్న అడగడం. మనల్ని ఎవరో పుట్టించారు. సరే, అయితే ఏంటి? ఆ 'అయితే ఏంటి' దగ్గర ప్రతి దర్శకుడూ ఒంటరివాడే. అక్కడ కాపీ కొట్టడానికి ఎవరూ దొరకరు. ఒరిజినాలిటీ అనేది ఉంటే అక్కడే ఉంటుంది.

స్టార్ ట్రెక్ ఎపిసోడ్ చూడండి. ఆ సీరియల్‌లో ఏలియన్లందరూ మనుషుల్లాగే, నుదుటి మీద నాలుగు గీతలు ఎక్కువగా ఉంటారు. మేకప్ వేసుకున్న నటులు కాబట్టి అంతకంటే కుదరదు. ఆ పరిమితినే కథగా మార్చారు. అందరూ ఒకేలా ఎందుకున్నారంటే అందరికీ విత్తనం ఒకటే. ఆయుధం దొరుకుతుందని పోటీపడి వచ్చిన శత్రువులకి 'మీరంతా బంధువులు' అన్న సందేశం దొరుకుతుంది. కొందరికి మండిపోతుంది, ఒక్కడికి మాత్రం ఆశ పుడుతుంది. బడ్జెట్ లేకపోవడం నుంచి ఇంత మంచి ఆలోచన!

కుబ్రిక్ ఇంకో దారి పట్టాడు. ఏలియన్లని చూపించడానికి రకరకాలుగా ప్రయత్నించి, కుదరక, చివరికి చూపించడమే మానేశాడు. నల్లరాయి తప్ప ఏమీ లేదు. ఎముక పట్టుకున్న వానరం మొదట చేసిన పని ఏంటి? వేటాడింది, తర్వాత ఇంకో వానరాన్ని కొట్టి చంపింది. విసిరిన ఎముక పైకి లేచి అంతరిక్ష వాహనం అవుతుంది. ఇచ్చినవాడి గురించి ఒక్క ముక్క చెప్పకుండా, పుచ్చుకున్నవాడు ఏం చేశాడో చూపించాడు.

మన దగ్గరా ఉంది ఈ ఉదాహరణ. 1991లో వచ్చిన 'ఆదిత్య 369'. టైమ్ మెషిన్ ఐడియా హెచ్‌జీ వెల్స్‌ది, 1895 నాటి నవల. సింగీతం శ్రీనివాసరావు గారు దాన్ని ఎక్కడికి నడిపించారు? కృష్ణదేవరాయల కొలువుకి, తెనాలి రామకృష్ణుడి ముందుకి. యంత్రం వెల్స్‌ది అయితే కావచ్చు, దిగిన ఊరు మాత్రం మనది. ఆ సినిమాని కాపీ అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

అయితే కాపీ అనేదే లేదా?

ఉంది. ఎందుకు లేదు? సీన్‌కి సీన్ దింపేసి, అసలు రాసినవాడి పేరు కూడా వేయకపోతే అది దొంగతనమే. 'ఎగ్జిక్యూషన్ బాగుంది కదా' అని దాన్ని సమర్థించను. ఐడియా ఉమ్మడి బావి లాంటిది, ఎవరైనా తోడుకోవచ్చు. పక్కవాడు తోడి బిందెలో పోసుకున్న నీళ్లు ఎత్తుకెళ్లడం వేరు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ ఐడియాని బద్ధకంగా వాడితే అది మనుషుల్ని తక్కువ చేస్తుంది. 1968లో ఎరిక్ వాన్ డానికెన్ పుస్తకం 'చారియట్స్ ఆఫ్ ది గాడ్స్' వచ్చాక పిరమిడ్లు ఏలియన్ల పనే అనే మాట పాకిపోయింది. కానీ 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జార్ఫ్‌లో మెరెర్ అనే అధికారి రాసిన డైరీ దొరికింది. దాదాపు 40 మంది పనివాళ్లతో తురా క్వారీ నుంచి గిజాకి పడవల్లో సున్నపురాయి తోలిన లెక్క అందులో ఉంది. 4500 ఏళ్ల నాటిది. ఇవాళ ఎక్కించాం, రేపు దించాం, ఎల్లుండి మళ్లీ వెళ్లాం. మేం రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్‌లో చెప్పే అప్‌డేట్లు ఇలాగే ఉంటాయి. ఆ డైరీ పక్కన పెడితే ఏలియన్ల కథ చప్పగా ఉంటుంది.

లేపాక్షి వేలాడే స్తంభం చూపించి 'ఇది మనుషుల పని కాదు' అనే వీడియోలు చూసినప్పుడల్లా నాకు పాలంపేట గుర్తొస్తుంది. 1213లో కట్టిన గుడి. కట్టించింది రేచర్ల రుద్రుడు, లోపల కొలువైంది రుద్రేశ్వరుడు. జనం పిలిచేది మాత్రం రామప్ప గుడి అని, చెక్కిన శిల్పి పేరు మీద అని చెబుతారు. అప్పటికి శివాలయం అనేది కొత్త ఐడియా కాదు కదా. మన ఊళ్లలో ఎన్ని లేవు? అయినా చేతిపని చూసి జనం ఎవరి పేరు పెట్టుకున్నారో చూడండి. ఒరిజినాలిటీ, ఎగ్జిక్యూషన్ గొడవకి మనవాళ్లు ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు.

నా తప్పు

నేను పైన చెప్పిన డాక్టర్ హూ కథకి ఒక్కసారి వెనక్కి వెళ్దాం. అందులో ఆ ఏలియన్ డబ్బుల కోసం లియొనార్డోతోనే ఇంకో ఆరు మోనాలిసాలు గీయిస్తాడు. వాటిని అమ్మనివ్వకూడదని డాక్టర్ ముందే ఆ ఖాళీ పలకల మీద పెన్నుతో 'ఇది నకిలీ' అని రాసిపెడతాడు. చివరికి అగ్నిప్రమాదంలో అలాంటిది ఒక్కటే మిగులుతుంది. గీసింది లియొనార్డోనే, రంగుల కింద మాత్రం 'నకిలీ' అని ఉంటుంది. ఎక్స్‌రే తీస్తే దొరికిపోతుంది కదా అని పక్కనున్నతను కంగారు పడతాడు. బొమ్మ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఎక్స్‌రే తీయాల్సి వస్తే వాళ్లకి అలా జరగాల్సిందే అన్నట్టు మాట్లాడతాడు డాక్టర్.

నేను ఆ రోజు హాస్టల్ గదిలో చేసింది అదే. ఎదురుగా బొమ్మ ఉంది. నీళ్లు పడ్డాయా లేదా అని అడిగే రైతు ఉన్నాడు. ఆ ప్రశ్న లవ్‌క్రాఫ్ట్ దగ్గర లేదు, కుబ్రిక్ దగ్గర లేదు, రిడ్లీ స్కాట్ దగ్గర లేదు. మన మూలం తెలిస్తే ఎవరికి ఏం ఒరిగింది అని ఇంత సూటిగా అడిగిన సీన్ నేను చూసిన వాటిలో ఎక్కడా లేదు. అది వాళ్ల నాన్న రెండు బోర్లు పోగొట్టుకుంటే చూసినవాడికే తడుతుంది. నేను ఆ బొమ్మ చూడకుండా ఎక్స్‌రే తీశాను.

ఈ దెబ్బ పెద్దవాళ్లకీ తప్పలేదు. గీయెర్మో డెల్ టోరో ఏళ్ల తరబడి ఆ లవ్‌క్రాఫ్ట్ నవలని సినిమాగా తీయాలని తిరిగాడు. బడ్జెట్, రేటింగ్ గొడవలతో 2011లో స్టూడియో వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది ప్రొమీథియస్ వస్తోందని, రెండింటి కథా ఒకే చోట తేలుతోందని, ఇక తన సినిమా చాలాకాలం ఆగిపోయినట్టేనని ఆయనే చెప్పాడు. అసలు కథ 1936లో అచ్చయితే, దాని తర్వాత వచ్చిన సినిమా వల్ల అది ఆగిపోయింది! డెల్ టోరో చేతిలో అది ఇంకో సినిమా అయి ఉండేదని నాకు గట్టి నమ్మకం. ఆయనకి తీయడానికి వేరే కథలున్నాయి, తీశాడు. మూడో ఏడు బీటెక్ కుర్రాడికి అలా ఉండవు. మొదటి కథ దగ్గరే 'కాపీ' అని వినిపిస్తే రెండోది నోట్లోంచి రాదు.

కాబట్టి మీ ఫ్రెండ్ ఎవరైనా కథో, యాప్ ఐడియానో చెబితే, 'ఇది ఆల్రెడీ ఉంది' అన్న మాట నోటిదాకా వస్తే ఒక్క నిమిషం ఆగండి. ఉండే ఉంటుంది, దాదాపు అన్నీ ఉన్నవే. 'ఆ తర్వాత ఏమవుతుంది' అని అడగండి. ఆ జవాబు కూడా ఎక్కడో చూసిందే అయితే అప్పుడు కాపీ అనండి, నేనూ మీతో కలుస్తాను.

ఆ ఆడియో ఫైల్‌ని వాడికి పంపాను. వాడు ఇప్పుడు బెంగళూరులో ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నాడు, నైట్ షిఫ్టులు. కింద ఒక లైన్ రాశాను: "చివర్లో మాట్లాడిన వెధవ మాట పట్టించుకోకురా మామా." రాత్రంతా ఒకటే టిక్. తెల్లవారుజామున షిఫ్ట్ అయ్యాక రెండూ నీలం అయ్యాయి. చాలాసేపు ఏమీ రాలేదు.

తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది. "బోరు బండికి ఇప్పుడు అడుగుకి ఎంత తీసుకుంటున్నారో కనుక్కో. అప్పటి రేటు పెడితే నమ్మరు."